సర్వర్ బాగానే ఉంది, దాని మేనేజ్‌మెంట్ పేజీ మాత్రం లోపలికి రానివ్వట్లేదు

గెలాక్సీరాయి · శనివారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. నేనుండేది నెల్లూరు వేదాయపాలెంలో. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో రెండు సర్వర్లు చూసుకుంటాను. నెలకోసారి రైల్లో ఒంగోలు దాకా పోయి, అక్కడి నుంచి బస్సులో వెళ్తాను. మిగతా రోజులన్నీ ఆఫీసు సిస్టమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఎక్కి ఇక్కడి నుంచే పని.

సమస్య ఏంటంటే, పాత సర్వర్ బాగా నడుస్తోంది. ట్యాలీ వస్తోంది, వేబ్రిడ్జి చీటీలు వస్తున్నాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ ఫ్యాన్లు, ఉష్ణోగ్రతలు చూసుకోవడానికి బోర్డు మీద విడిగా ఒక నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది కదా, ఆ పేజీలో లాగిన్ అవట్లేదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే చక్రం తిరిగి తిరిగి "సర్వీస్ అందుబాటులో లేదు" అంటోంది. పింగ్ (బతికే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పలకరించడం) కొడితే జవాబు మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది.

మంగళవారం అకౌంటెంట్‌ని బతిమాలి సర్వర్ ఆపించి మళ్ళీ వేయించాను. పావుగంట బిల్లింగ్ ఆగింది, లారీ వాళ్ళ దగ్గర మాటలు ఆయన పడ్డాడు. పేజీ సంగతి మాత్రం యథాతథం. ఇంకేం చేయాలో చెప్పండి.

కావలి_కుర్రోడు · రాత్రి 9:03

బ్రౌజర్ క్యాషే క్లియర్ చేసి చూడు అన్నా. లేదంటే వేరే బ్రౌజర్. పాత బోర్డులైతే బ్రౌజర్‌తో రహస్యంగా మాట్లాడే టీఎల్ఎస్ పద్ధతిలో 1.0 దగ్గరే ఆగిపోయి ఉంటాయి. 2020 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని ఒప్పుకోవట్లేదు. మా షాపులో ఒక పాతదాని కోసం పాత బ్రౌజర్‌ని విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టుకున్నాం, తాతల నాటి నగలాగా.

గెలాక్సీరాయి · రాత్రి 9:10

టీఎల్ఎస్ గొడవైతే లాగిన్ పేజీ కూడా రాకూడదు కదా తమ్ముడూ. పేజీ వస్తోంది, బొమ్మలు వస్తున్నాయి. పాస్‌వర్డ్ కొట్టాకే తంటా. మూడు బ్రౌజర్లలో చూశా.

సీరియల్‌సామి · రాత్రి 9:31

అబ్బయా, ముందు ఒక మాట. సర్వర్ ఆపి వేస్తే ఆ పేజీ బాగుపడదు. అకౌంటెంట్‌తో అనవసరంగా తిట్లు తినిపించావు.

ఆ పేజీని ఇచ్చేది నీ సర్వర్ కాదు. బోర్డు మీద బీఎంసీ అని ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాని ప్రాసెసర్ వేరు, మెమరీ వేరు, దాని లైనక్స్ వేరు. గోడకి ప్లగ్ ఉన్నంతసేపూ స్టాండ్‌బై కరెంటు మీద మేలుకునే ఉంటుంది. నువ్వు సర్వర్ పవర్ బటన్ నొక్కితే పెద్దాయన నిద్రపోతాడు గానీ కాపలా కుర్రాడు పడుకోడు. అందుకే ఆపినా, వేసినా వాడి తలనొప్పి వాడికి అలాగే ఉంది.

వాడిని లేపాలంటే రెండు దారులు. ఒకటి, పవర్ కార్డులు పీకడం. రెండు పవర్ సప్లైలు ఉంటే రెండూ పీకాలి, బోర్డు మీద చిన్న లైటు ఆరేదాకా ఆగాలి. రెండోది మేలైనది. సర్వర్‌లోంచే "ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్" కొట్టు. కాపలా కుర్రాడు మాత్రమే రీస్టార్ట్ అవుతాడు, ట్యాలీకి ఏమీ కాదు. ఆ రెండు మూడు నిమిషాలు ఫ్యాన్లు గట్టిగా తిరగొచ్చు, వాచ్‌మన్‌కి ముందే చెప్పిపెట్టు.

రీసెట్ చేశాక ఆ పేజీలో తేదీ ఎంత చూపిస్తోందో చూడు. 1970 అని కనబడితే బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఆ తప్పు తేదీతో బోర్డు కొత్త సర్టిఫికెట్ తయారుచేసుకుంటే, దాని గడువు ఎప్పుడో తీరిపోయిందంటుంది బ్రౌజర్.

గెలాక్సీరాయి · ఆదివారం ఉదయం 7:58

సామీ, మీ పుణ్యం. పొద్దున్నే 6:10కి ఆ కమాండ్ కొట్టాను. వాచ్‌మన్‌కి చెప్పడం మర్చిపోయా. లోపల బోరు మోటారు మోగినట్టు మోగిందట, మెయిన్ ఆఫ్ చేయబోయి నాకు ఫోన్ చేశాడు. ఇంకొంచెం ఉంటే కొంప మునిగేది.

6:13కి పేజీ లేచింది. లాగిన్ అయ్యా. తేదీ సరిగ్గానే ఉంది. హమ్మయ్య అనుకుని ఇడ్లీ తిని వచ్చి ఫోన్ నుంచి చూద్దునా, మళ్ళీ పాత పాటే. చిత్రమేంటంటే ఆఫీసు సిస్టమ్‌లో పొద్దున లాగిన్ అయి వదిలేసిన ట్యాబ్ ఉంది, అందులో ఫ్యాన్ల వేగం మారుతూనే ఉంది. కొత్తగా వెళ్తేనే రానివ్వట్లేదు.

ఒంగోలుగిత్త · ఉదయం 8:20

ఆ వెబ్ పేజీలు అంతేనండీ, అన్నీ చెత్త. నేనైతే వాటి జోలికి పోను. ఐపీఎంఐ (బీఎంసీతో కమాండ్లతో మాట్లాడే పాత పద్ధతి) చాలు, 623 పోర్టు మీద కమాండ్ కొడితే ఉష్ణోగ్రత వస్తుంది, ఖతం. ఇంకో సంగతి, రిమోట్ డెస్క్‌టాప్ బాధ ఎందుకు? రౌటర్‌లో ఆ పోర్టుని బయటి ఇంటర్నెట్‌కి ఫార్వర్డ్ చేసేస్తే నెల్లూరులో కూర్చుని నేరుగా చూసుకోవచ్చు. పాస్‌వర్డ్ గట్టిది పెడితే సరి.

పొగతోట_ఐటీ · ఉదయం 8:41

గిత్త గారూ, దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా అడిగేవాడే నిద్రపోతే ఏం లాభం?

2017లో హెచ్‌పీ సర్వర్ల బీఎంసీ అయిన ఐలో 4లో బయటపడిన లోపం గుర్తుందా? దాని నంబరు సీవీఈ-2017-12542. బ్రౌజర్ పంపే కనెక్షన్ హెడర్‌లో "ఏ" అక్షరాన్ని 29 సార్లు పెడితే చాలు, పాస్‌వర్డ్ అడగదు. తలుపు నెట్టుకుని లోపలికి పోయినట్టే. హెడర్‌ని దాచుకోవడానికి వెబ్ సర్వర్ పెట్టుకున్న చోటు చిన్నది. పొడుగుది వచ్చేసరికి అది పొంగి పక్క చోటు కూడా చెరిగిపోయింది.

పాత ముచ్చట అనుకోకండి. 2025 మార్చిలో ఏఎంఐ మెగార్యాక్ అనే బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఇంకోటి బయటపడింది, సీవీఈ-2024-54085. అదీ వెబ్ వైపు, రెడ్‌ఫిష్ (వెబ్ ద్వారా బీఎంసీతో మాట్లాడే కొత్త పద్ధతి) దారిలోదే. హెడర్‌లో ఒక మాయ చేస్తే, అభ్యర్థన లోపలి నుంచే వచ్చిందని నమ్మేస్తుంది. తీవ్రత పదికి పది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, దీన్ని నిజంగానే వాడుతున్నారని తన జాబితాలో చేర్చింది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చింది గానీ వేసుకున్నవాళ్ళెంతమంది?

ఐపీఎంఐ చాలు అన్నారు, అది ఇంకా ఘోరం. ఐపీఎంఐ 2.0 వచ్చింది 2004లో. లాగిన్ అవకముందే, యూజర్ పేరు తెలిసిన ఎవడికైనా పాస్‌వర్డ్ హ్యాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తుని) చేతిలో పెడుతుంది. పట్టుకెళ్ళి తీరిగ్గా ఇంట్లో పగలగొట్టుకోవచ్చు. అది ఒక కంపెనీ తప్పు కాదు, ఆ ప్రోటోకాల్ రాసిన తీరే అంత. ప్యాచ్ లేదు.

ఒంగోలుగిత్త · ఉదయం 8:55

సరేనండీ, 29 అక్షరాల సంగతి నాకు తెలీదు. మా వాడి దగ్గర ఒకటి ఫార్వర్డ్ చేసి పెట్టాను... ఇప్పుడే తీయించేస్తా. అయితే బయటి నుంచి చూడటం ఎలా మరి?

పొగతోట_ఐటీ · ఉదయం 9:02

వీపీఎన్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొరంగం లాంటిది. అలాంటి వైర్‌గార్డ్‌ని ఒక చిన్న మినీ పీసీ మీద పెట్టుకున్నా చాలు. బీఎంసీ పోర్టుని ఆఫీసు నెట్‌వర్క్‌లో కూడా కలపకుండా విడిగా ఉంచండి. కొన్ని బోర్డుల్లో ఇంకో చిక్కుంది. ప్రత్యేక పోర్టులో కేబుల్ లేకపోతే బీఎంసీ గప్‌చుప్‌గా మామూలు ల్యాన్ పోర్టులోకి దూరిపోతుంది. కేబుల్ పీకేశాం కదా, ఇక దొరకదు అనుకుంటాం. పక్క సందులోంచి తొంగిచూస్తూ ఉంటుంది.

చిప్పుచెలిమి · ఉదయం 10:15

పోర్టుల చర్చ బాగుంది గానీ గెలాక్సీ గారి సమస్య అలాగే ఉండిపోయింది :) మాది బుచ్చిరెడ్డిపాలెం, బెంగళూరులో బీఎంసీ ఫర్మ్‌వేర్ పని. మూడు ప్రశ్నలు అడుగుతా.

లాగిన్ ఆగిపోయిన టైమ్ కచ్చితంగా చెప్పగలరా? పేజీలో కాకుండా కర్ల్ అనే కమాండ్‌తో లాగిన్ ప్రయత్నిస్తే జవాబుగా వచ్చే జేసన్ టెక్స్ట్‌లో ఏముంది? ఇక మూడోది, ఆ బోర్డుని పలకరించే స్క్రిప్ట్ ఏదైనా నడుస్తోందా?

ఆ పాత ట్యాబ్ ఇంకా పనిచేస్తోందన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే.

గెలాక్సీరాయి · ఉదయం 11:26

అక్కా, స్క్రిప్ట్ ఉంది. నేనే రాశా. ఇక్కడ రాయి కోసే దుమ్ముకి ఫ్యాన్ల ముందున్న జాలీ నెలకే మూసుకుపోతుంది. పొలుసు తీయని చేపలాగా మందంగా పట్టేస్తుంది. అందుకని లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతని 5 నిమిషాలకోసారి తీసి ఒక ఫైల్‌లో రాసుకుంటున్నా. అదే ఆఫీసులో ఇంకో లైనక్స్ మెషీన్ మీద క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే ప్రోగ్రామ్‌లో) నడుస్తుంది.

ఆ ఫైల్ చూస్తే 6:15 నుంచి 7:25 దాకా వరుసగా అంకెలు ఉన్నాయి. 7:30 నుంచి ఖాళీ.

కర్ల్‌తో కొడితే 503 ఎర్రర్ వచ్చింది. లోపల "సెషన్‌లిమిట్‌ఎక్సీడెడ్" అని ఉంది. సెషన్లు నిండిపోయాయి అనా? నేనొక్కడినే కదా అక్కా వాడేది!

చిప్పుచెలిమి · ఉదయం 11:50

మీరొక్కరే. మీ స్క్రిప్ట్ మాత్రం ప్రతి 5 నిమిషాలకీ కొత్త మనిషిగా వస్తోంది.

లెక్క చూడండి. 6:15 నుంచి 7:25 దాకా 5 నిమిషాలకొకటి చొప్పున 15 లాగిన్లు. వాటికి ముందు 6:13కి బ్రౌజర్‌లో మీరు చేసింది ఒకటి. మొత్తం 16. పదిహేడోది 7:30కి వచ్చింది, బయటే ఆగిపోయింది. మీ బోర్డులో హద్దు 16 అన్నమాట. ముందే లోపల ఉన్న ట్యాబ్‌కి సీటుంది కాబట్టి అది హాయిగా నడుస్తోంది.

మీ స్క్రిప్ట్ రెడ్‌ఫిష్‌లో సెషన్స్ చిరునామాకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ పోస్ట్ చేస్తుంది కదా. జవాబు హెడర్లలో ఎక్స్-ఆథ్-టోకెన్ అనే ప్రవేశ చీటీ వస్తుంది, దాంతోపాటు లొకేషన్ అని ఒక చిరునామా కూడా వస్తుంది. టోకెన్ తీసుకుని అందరూ పోతారు, ఆ లొకేషన్‌ని ఎవరూ పట్టించుకోరు. పని అయ్యాక ఆ చిరునామాకి డిలీట్ పంపాలి. అదే లాగవుట్. మీరు పంపట్లేదని పందెం.

ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. వాడని సెషన్ మామూలుగా అరగంటకో ఎంతకో దానంతటదే పోవాలి. 5 నిమిషాలకొకటి పుట్టి అరగంటకి పోతుంటే, ఏ టైమ్‌లో చూసినా ఆరేడు మించి ఉండకూడదు. 16 ఎలా నిండాయి? టైమవుట్ ఏమైనా మార్చారా?

గెలాక్సీరాయి · మధ్యాహ్నం 12:04

మార్చానక్కా.

టీ తాగి వచ్చేసరికి లాగవుట్ చేసేస్తోందని విసుగొచ్చి, సోమవారం సెట్టింగ్స్‌లో 1800 సెకన్లు ఉన్నదాన్ని చెరిపి అది తీసుకున్నంత పెద్ద అంకె పెట్టా. 86400.

మంగళవారం నుంచే సమస్య. ఇప్పుడు వెలిగింది.

కావలి_కుర్రోడు · మధ్యాహ్నం 12:07

86400 అంటే రోజంతా! ఒక్కో సెషన్ 24 గంటలు సీట్లో తువ్వాలేసుకుని కూర్చుందన్నమాట, సంక్రాంతికి ఆర్టీసీ బస్సులో లాగా. రోజుకి 288 మంది ఎక్కుతారు, ఉన్నవి 16 సీట్లు.

సీరియల్‌సామి · మధ్యాహ్నం 12:15

బలే పట్టావమ్మా. నేను బ్యాటరీ దగ్గరే తిరుగుతున్నా. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఏది చెడినా ముందు చెయ్యి కరెంటు మీదకే పోతుంది.

చిప్పుచెలిమి · మధ్యాహ్నం 12:48

బాగుచేయడానికి:

ముందు టైమవుట్ మళ్ళీ 1800 చేయండి. రెడ్‌ఫిష్ ప్రమాణంలో అది 30 సెకన్ల నుంచి 86400 దాకా ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుంది కదా అని పెట్టకూడదు. మీ పాత ట్యాబ్ ఇంకా బతికే ఉంది కాబట్టి దాంట్లోంచే పని కానివ్వండి, సెషన్ల పేజీలో మిగతా 15ని తీసేయండి. ఇంకోసారి రీసెట్ అక్కర్లేదు.

తర్వాత స్క్రిప్ట్. టోకెన్‌ని ఒక ఫైల్‌లో దాచుకుని ప్రతిసారీ దాన్నే వాడండి. 401 (లాగిన్ చెల్లదు అనే జవాబు) వస్తేనే కొత్తగా లాగిన్ అవ్వాలి. 5 నిమిషాలకోసారి వాడుతూనే ఉంటారు కాబట్టి అది గడువు తీరి పోదు కూడా. ఆ స్క్రిప్ట్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ రాసి ఉంటే ఇవాళే మార్చండి. రీడ్‌ఓన్లీ పాత్రతో ఇంకో యూజర్‌ని చేసి అది ఇవ్వండి. ఉష్ణోగ్రత చూడటానికి సర్వర్ ఆపే అధికారం దేనికి?

గెలాక్సీరాయి · మధ్యాహ్నం 1:05

అడ్మిన్ పాస్‌వర్డే ఉందక్కా :( మారుస్తా.

ఒక సందేహం. 16 మందికే చేతులెత్తేస్తుందా ఒక వెబ్ సర్వర్? మామూలు వెబ్‌సైట్లు వేలమందిని మోస్తాయి కదా.

చిప్పుచెలిమి · మధ్యాహ్నం 2:30

(అన్నం తిని వచ్చా. ఆదివారం, ఇంట్లో చేపల పులుసు. ఆలస్యానికి క్షమించాలి.)

16కి మించి మోయలేక కాదు. ఎవడో వచ్చి లక్ష సెషన్లు తెరిచి ఉన్న కాస్త మెమరీ తినేయకుండా పెట్టుకున్న గీత అది. అయినా ఆ కంప్యూటర్ ఎంత చిన్నదో ఊహించుకోండి. చాలా సర్వర్లలో ఉండే ఏస్పీడ్ ఏఎస్‌టీ2500 చిప్‌లో 800 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం11 కోర్ ఒక్కటే. దాని తర్వాతి ఏఎస్‌టీ2600కి రెండు కార్టెక్స్-ఏ7 కోర్లు ఇచ్చారు, 1.2 గిగాహెర్ట్జ్. ఫర్మ్‌వేర్ అంతా ఇమడాల్సిన ఫ్లాష్ చాలా బోర్డుల్లో 32 మెగాబైట్లే. లైనక్స్ కెర్నెల్, సెన్సర్లు, ఫ్యాన్ల నియంత్రణ, వెబ్ పేజీలు అన్నీ అందులోనే. ఇవాళ మీ ఫోన్‌లో పెళ్ళి వీడియో ఒక్కటే అంతకంటే పెద్దది.

నేను పనిచేసేది ఓపెన్‌బీఎంసీ అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ మీద కాబట్టి దాని సంగతి చెప్తా. 2018లో లైనక్స్ ఫౌండేషన్ కిందకి వచ్చిన ప్రాజెక్టు. గూగుల్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ మొదట్లో చేతులు కలిపాయి. అందులో వెబ్ సర్వర్ పేరు బీఎంసీవెబ్. అంతకుముందు పైథాన్‌లో రాసినది ఒకటి ఉండేది. పైథాన్ అంటే రాసేవాళ్ళకి సుఖం గానీ, ఇంత ఇరుకింట్లో దాని సామాను పట్టదు. బీఎంసీవెబ్‌ని సీ++లో, బూస్ట్ ఏషియో, బీస్ట్ లైబ్రరీల మీద కట్టారు. రెడ్‌ఫిష్, వెబ్ పేజీలు, రిమోట్ కీబోర్డు-స్క్రీన్, సీరియల్ కన్సోల్ అన్నీ ఒకే ప్రోగ్రామ్‌లోంచి వెళ్తాయి. అక్కర్లేనివి కంపైల్ చేసేటప్పుడే తీసేయొచ్చు.

నాకు నచ్చే చిన్న ఉపాయం ఒకటుంది. వెబ్ పేజీల ఫైళ్ళని ముందే జిప్ చేసి ఫ్లాష్‌లో పెడతారు. సర్వర్ వాటిని విప్పదు, మూట మూటగానే పంపేస్తుంది. విప్పుకునే పని బ్రౌజర్‌ది. చోటూ కలిసొచ్చింది, ఆ చిన్న ప్రాసెసర్‌కి శ్రమా తప్పింది.

ఇంకో మాట. మీరు ఉష్ణోగ్రత అడిగితే బీఎంసీవెబ్‌కి అది తెలియదు. డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద సెన్సర్ ప్రోగ్రామ్‌ని అడిగి, జవాబు వచ్చాక జేసన్‌గా మీకు అందిస్తుంది. జవాబు వచ్చేదాకా కాళ్ళు చాపుకుని కూర్చోదు, ఈలోపు ఇంకొకరి పని చూస్తుంది. హోటల్లో ఒకే వెయిటర్ పది టేబుళ్ళు చూసుకున్నట్టు. కాబట్టి పేజీ నెమ్మదిస్తే ప్రతిసారీ వెబ్ సర్వర్‌ని తిట్టకండి. చాలాసార్లు వంటింట్లోనే ఆలస్యం.

పొగతోట_ఐటీ · మధ్యాహ్నం 3:12

మేడం, ఒక అనుమానం. మా ఆస్పత్రిలో రెండు ఓపెన్‌బీఎంసీ బోర్డులున్నాయి. బీఎంసీని రీసెట్ చేస్తే పాత సెషన్లు పోవాలి కదా, వాటిలో పోవట్లేదు. రీస్టార్ట్ తర్వాత కూడా పాత టోకెన్ పనిచేసింది.

చిప్పుచెలిమి · మధ్యాహ్నం 3:40

అది లోపం కాదండీ. బీఎంసీవెబ్ సెషన్లని ఒక జేసన్ ఫైల్‌లో రాసి ఉంచుకుంటుంది, లేచాక మళ్ళీ చదువుకుంటుంది. గెలాక్సీ గారి బోర్డు వేరే ఫర్మ్‌వేర్ కాబట్టి రీసెట్‌తో ఖాళీ అయింది. ఓపెన్‌బీఎంసీ అయ్యుంటే ఆ రీసెట్‌లు ఏమీ చేసేవి కావు. నేరం ఇంకొంచెం తొందరగా బయటపడేదేమో!

మీ బోర్డుల్లో డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చారా? రూట్ యూజర్‌కి "ఓపెన్‌బీఎంసీ" అని ఇంగ్లీషులో రాసి, మొదటి అక్షరం బదులు సున్నా పెడతారు. అది ప్రపంచానికంతా తెలుసు.

పొగతోట_ఐటీ · మధ్యాహ్నం 3:44

ఒకదానికి మార్చాం. రెండోదానికి... ఐదు నిమిషాల్లో వస్తా.

ఒంగోలుగిత్త · మధ్యాహ్నం 3:50

పొద్దున నన్ను అన్నారు గదండీ :)

కావలి_కుర్రోడు · సాయంత్రం 5:20

అక్కా, టోకెన్ దాచుకోవడం, 401 చూసుకోవడం ఇదంతా ఎందుకు? కర్ల్‌లో ప్రతిసారీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేస్తే బేసిక్ ఆథ్‌తో పోదా? సెషనే పుట్టదు కదా.

చిప్పుచెలిమి · సాయంత్రం 5:41

పోతుంది. 5 నిమిషాలకోసారికి అదీ ఫర్వాలేదు. బీఎంసీవెబ్‌లో అయితే ఆ ఒక్క అభ్యర్థన కోసం సెషన్ పుట్టి వెంటనే పోతుంది. కానీ ప్రతిసారీ పాస్‌వర్డ్ సరిచూడాలి, ఆ చిన్న ప్రాసెసర్‌కి అది బరువైన పని. టోకెన్ అయితే చూసి పంపేస్తుంది. పది సెకన్లకోసారి ఇరవై చిరునామాలు అడిగే స్క్రిప్టులు రాసేవాళ్ళున్నారు, అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇంకొకటి, కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ టీఎల్ఎస్ కరచాలనం మళ్ళీ మొదటి నుంచి జరగాలి. ఒకే కర్ల్ కమాండ్‌లో చిరునామాలన్నీ ఇస్తే ఒకే కనెక్షన్ మీద పని అయిపోతుంది.

గెలాక్సీరాయి · బుధవారం రాత్రి 9:15

మూడు రోజులు ఆగి రాస్తున్నా. ఆదివారం సాయంత్రమే స్క్రిప్ట్ మార్చా. సెషన్ల పేజీలో ఇప్పుడు రెండే ఉంటున్నాయి, ఒకటి స్క్రిప్ట్‌ది, ఒకటి నాది. 401 ఇప్పటిదాకా ఒక్కసారే వచ్చింది, సోమవారం ఆఫీసులో కరెంటు పోయి ఆ లైనక్స్ మెషీన్ గంట సేపు ఆగినప్పుడు. అదే మళ్ళీ లాగిన్ అయి, తన పని తను చూసుకుంది.

వైర్‌గార్డ్ కూడా పెట్టా. పొగతోట అన్నా, థాంక్స్.

ఇప్పుడు ఫైల్‌లో అంకెలు వరుసగా ఉన్నాయి కాబట్టి అసలు సంగతి కనబడుతోంది. లోపలికి పోయే గాలి పొద్దున 27 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 39. ఏసీ ఉన్న గది అది! అకౌంటెంట్‌కి ఫోన్ చేసి అడిగితే, మధ్యాహ్నం ఆయన చలేస్తోందని ఏసీ ఆపేస్తున్నాడట.

సీరియల్‌సామి · రాత్రి 9:22

ఆయనతో ఆ రోజు సర్వర్ ఆపించావుగా. ఇది దానికి చెల్లు.